కర్సర్ ఎగురుతుంటే విండోస్ కాదు, ముందు గోడకున్న ప్లగ్గు చూడండి

మహబూబ్‌నగర్‌లో ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్‌లో కర్సర్ దానంతట అదే ఎగురుతోందని, మౌస్ కొత్తది కొన్నా తగ్గలేదని, రిపేర్ షాపులో విండోస్ మళ్ళీ వేయాలంటున్నారని, వేయించాలా అని ఒకరు అడిగారు. వేయించకండి. కొత్త మౌస్ పెట్టినా అదే వరస అంటే తప్పు మౌస్‌ది కాదు. విండోస్ జోలికి పోయే ముందు సీపీయూ డబ్బా వెనక నుంచి వచ్చే ప్లగ్గు ఎక్కడ పెట్టారో చూడండి. మన పాలమూరు, నల్గొండ వైపు కంప్యూటర్లకు వచ్చే ఇలాంటి పిచ్చి వేషాల వెనక చాలావరకు ఎర్తింగ్, అంటే లీకయ్యే కరెంటును నేలలోకి పంపే వైరు, లేకపోవడమే ఉంటుందని నా గట్టి నమ్మకం.

దేవరకొండలో నాకు జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది. డిగ్రీ సీట్ల కోసం దోస్త్ వెబ్‌సైటులో కాలేజీల ఆప్షన్లు పెట్టే రోజుల్లో షాపులో నిలబడటానికి కూడా చోటుండదు. అలాంటి ఒక ఆఖరి తేదీ మధ్యాహ్నం, తండా నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి తనకు కావాల్సిన కాలేజీలు, గ్రూపులు వరసగా ఒక నోట్‌బుక్ కాగితం మీద రాసుకొచ్చింది. సగం ఎక్కించానో లేదో, కర్సర్ ఎగరడం మొదలైంది. ఒక గడిలో నొక్కితే ఇంకో గడి తెరుచుకుంటోంది. బాణం చూస్తుండగానే స్క్రీన్ మూలకు పోతోంది. రెండో నంబరు ఇవ్వాల్సిన కాలేజీకి కాకుండా దాని కింద ఉన్నదానికి పడింది.

‘తప్పు పడితే ఎట్ల సారూ? మల్ల మార్చొస్తదా?’ అని తండ్రి అడుగుతున్నాడు. అమ్మాయి మాట్లాడట్లేదు, చేతిలో కాగితాన్ని మడుస్తూ ఉంది. ఒక పిల్ల మూడేళ్ల చదువు ఆ బాణం గుర్తు మీద వేలాడుతుంటే టెన్షన్ పడకుండా ఎవరుంటారు?

మౌస్ పీకి పక్కన పెట్టాను. కీబోర్డు మీద ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కితే మౌస్ కీస్ అనే సౌకర్యం ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. ఎస్ అంటే కుడిపక్క నంబర్ల కీలతోనే కర్సర్ నడుస్తుంది. 8 పైకి, 2 కిందకి, 4 ఎడమకి, 6 కుడికి, 5 నొక్కితే క్లిక్. ఇది ప్రతి విండోస్ మెషీన్‌లోనూ ఉంది, పైసా ఖర్చు లేదు. ‘ఒక్కొక్కటి నువ్వే చదువు బిడ్డా, నేను నంబరు వేస్తా’ అన్నాను. నిదానంగా మొత్తం ఎక్కించి, ప్రింటు తీసి, ఆమె కాగితంతో పోల్చి చూసుకున్నాకే సేవ్ చేశాం.

వాళ్లు వెళ్లాక మౌస్ మళ్ళీ పెట్టి చూస్తూ కూర్చున్నాను. పక్కన వెల్డింగ్ షాపు ఉంది. అక్కడ వెల్డింగ్ నిప్పులు లేచినప్పుడల్లా ఇక్కడ కర్సర్ ఎగురుతోంది. వాళ్లు ఆపితే ఇదీ ఆగుతోంది. సీపీయూ డబ్బా ఇనుప భాగం మీద వేలు పెడితే జివ్వుమంటోంది. టెస్టర్ ఆనించాను, బల్బు వెలిగింది. కరెంటు పని చేసే అన్నను పిలిపించాను. ఆయన స్విచ్ బోర్డులు విప్పి చూసి, నేరుగా బిల్డింగ్ వెనక్కి పోయాడు. ఎర్త్ గుంతలో క్లాంపు దగ్గర వైరు తుప్పు తిని తెగిపోయి ఉంది. గుంత రాయిలా ఎండిపోయి ఉంది. ‘ఎండకాలమంతా దీన్ల ఒక్క బిందె నీళ్లన్న పోసిండ్రా?’ అని బిల్డింగ్ ఓనర్‌ని అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు.

క్లాంపు, వైరు కొత్తవి వేసి, గుంతలో బొగ్గు, ఉప్పు నింపి నీళ్లు పోశారు. తర్వాత అదే మౌస్, అదే విండోస్. పక్కన వెల్డింగ్ నడుస్తుండగానే కర్సర్ పెట్టిన చోట నిలబడింది.

ఎందుకిలా అవుతుందంటే, సీపీయూలో కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ అనే డబ్బాలో కరెంటు మలినాలను బయటికి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి పంపేది ఎర్త్ వైరులోకే. ఎర్త్ లేకపోతే ఇనుప డబ్బా మీదే 230 వోల్టుల్లో దాదాపు సగం మీటర్‌కి కనిపిస్తుంది. ప్రవాహం తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ 5 వోల్టుల మీద నడిచే యూఎస్‌బీ మౌస్‌కి అది తక్కువేం కాదు. మౌస్ అడుగున ఉన్న సెన్సార్ సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి చెయ్యి ఎటు కదిలిందో లెక్కేస్తుంది. ఆ లెక్క మధ్యలో పక్కింటి మోటారు, వెల్డింగ్ మెషీన్ పుట్టించే కరెంటు మలినం దూరితే కర్సర్ నిలబడుతుందా? ఛార్జర్ పెట్టినప్పుడే లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఎగరడం, తీసేస్తే సరిగ్గా ఉండటం మీరు చూసే ఉంటారు. అదీ ఈ జాతి రోగమే.

మన వైపు నేల రాతి నేల. ఎండాకాలంలో గుంతలోని తేమ పోతే ఎర్త్ వైరు ఉన్నా లేనట్టే. దీనికి తోడు మన జనం మూడు పిన్నుల ప్లగ్గు తెచ్చి రెండు రంధ్రాల బోర్డులో పెట్టడానికి పైన ఉండే లావు పిన్ను విరగ్గొడతారు. బజార్లో దొరికే కొన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డులకు మూడో రంధ్రం ఉంటుంది కానీ లోపల దానికి వైరే ఉండదు. దీన్ని అమ్మేవాళ్లను ఎవరూ అడగరు. యూపీఎస్ ఉంది కదా అంటారు, గోడలో ఎర్త్ లేకపోతే యూపీఎస్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఇది మౌస్ గొడవ మాత్రమే కాదు. ఆ పిన్ను మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టింది. తడి చేతులతో పిల్లలు ఆ డబ్బా ముట్టుకునే ఇళ్లలో ఎర్త్ లేదంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

మిగతా కారణాలూ ఉన్నాయి. టేబుల్ మీద అద్దం వేసి కింద క్యాలెండర్, దేవుడి ఫోటోలు పెట్టుకుంటే ఆప్టికల్ మౌస్ తికమకపడుతుంది, ఒక మామూలు ప్యాడ్ వేయండి. అడుగున సెన్సార్ రంధ్రంలో వెంట్రుక ఉందేమో చూడండి. వైర్‌లెస్ మౌస్ అయితే దాని రిసీవర్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకి దూరంగా పెట్టండి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో అలల రొద 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్‌ని చెడగొడుతుందని ఇంటెల్ కంపెనీయే 2012లో రాసి చెప్పింది. కర్సర్ పిచ్చిగా ఎగరకుండా ఒక పద్ధతిగా కదులుతూ ఫైళ్లు తెరుస్తుంటే మాత్రం అది వేరే కథ. వెంటనే నెట్ వైరు పీకండి, దూరం నుంచి మీ కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ లాంటివి ఎవరైనా వేశారేమో చూడండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

విండోస్ తప్పో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లండి. మౌస్ పనిచేసే బయోస్ అయితే అక్కడ కదిపి చూడండి. అక్కడ కూడా ఎగిరితే విండోస్‌కి దీంతో సంబంధం లేదు, ఎందుకంటే అది ఇంకా మొదలే కాలేదు. ఈ పరీక్ష చేయకుండా ఫార్మాట్ చేస్తామనే వాళ్లకు డబ్బా ఇవ్వకండి, మీ ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అందులోనే పోతాయి. ఆ తర్వాత సీపీయూని ఎర్తింగ్ బాగున్న చుట్టాల ఇంటికి తీసుకెళ్లి అదే మౌస్‌తో నడిపి చూడండి. అక్కడ బుద్ధిగా ఉంటే మీకు కావాల్సింది కంప్యూటర్ మెకానిక్ కాదు, ఎలక్ట్రీషియన్. ఎర్త్ గుంత ఎక్కడుందో ఆయనకు చూపించి, మీటర్ పెట్టి చూడమనండి.