పేపర్ ఏజెంట్ కూతురు జర్నలిజం చదవొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది మల్కాజిగిరి. ఇరవై రెండేళ్లుగా పేపర్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఒకప్పుడు పొద్దున ఐదింటికల్లా ఏడొందల పేపర్లు లైన్ మీదికి వెళ్లేవి. ఇప్పుడు మూడొందలు పోతే గొప్ప. మా అమ్మాయి బీకాం ఫైనల్ ఇయర్. ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేస్తానంటోంది. ఛానళ్లన్నీ పెద్ద కంపెనీల చేతుల్లోకి పోయాయి, మా ఏరియా వార్తలు రాసే విలేకరి కూడా ఈమధ్య కనపడటం లేదు. ఎంబీఏ చేయమంటే వినదు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువేనండీ. తెల్లవారకముందే కట్టలు విప్పి, మెయిన్‌లో టాబ్లాయిడ్, టాబ్లాయిడ్‌లో కోచింగ్ సెంటర్ పాంప్లెట్ దూర్చే మనిషికి పేపర్ ఎంత పలచబడిందో చేతికే తెలుస్తుంది. ఈనాడు 1989లో జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది. మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. బోరింగు చెడిపోవడం, బడికి టీచర్ రాకపోవడం కూడా వార్తే అయింది ఆ చిన్న పేజీల వల్లే. 2020 లాక్‌డౌన్‌లో ఆ పేజీలు మెయిన్‌లో కలిసిపోయాయి. అప్పుడు మీకు కట్టల బరువు తగ్గింది. మండలాల్లో, బస్తీల్లో వార్తలు రాసేవాళ్లకు జాగా తగ్గింది.

ఇక యాజమాన్యాల సంగతి. మీ భయం ఉత్తది కాదు. 2014లో వార్తా ఛానళ్లు నడిపే నెట్‌వర్క్ 18 రిలయన్స్ చేతికి వచ్చింది. 2022 డిసెంబరులో ఎన్డీటీవీ అదానీ గ్రూపుకి వెళ్లింది. మన ఇళ్లలో రోజూ మోగే ‘మా టీవీ’ ఛానల్ 2015లో స్టార్‌కి వెళ్లింది, 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలిసిపోవడంతో జియోస్టార్ గొడుగు కిందికి చేరింది. మన తెలుగు టీవీ9 కూడా 2018లో చేతులు మారింది. కొన్న కంపెనీ వెనకున్నది రియల్ ఎస్టేట్, సిమెంటు, ఇన్‌ఫ్రా కాంట్రాక్టుల గ్రూపులు. పేపర్లలో ఏది ఏ పార్టీ మనిషిదో మీ లైన్ బాయ్‌ని అడిగినా చెబుతాడు. ఒక్కరి చేతిలో ఇన్ని మీడియా సంస్థలు ఉండకుండా హద్దులు పెట్టాలనీ, పార్టీలను ఈ రంగానికి దూరంగా ఉంచాలనీ టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులోనే సిఫార్సు చేసింది. పదేళ్లు దాటినా అది చట్టం కాలేదు.

అమెరికాలో ఇదే జబ్బు ఇంకో రకంగా ముదిరింది. 2019లో గేట్‌హౌస్, గానెట్ అనే రెండు పత్రికా కంపెనీలు కలిసిపోయి ఒకే కంపెనీ కింద 250కి పైగా దినపత్రికలు వచ్చాయి. 2005 నుంచి చూస్తే అక్కడి పత్రికల్లో మూడో వంతుకు పైగా మూతపడ్డాయి. ఊరికున్న ఒక్క పేపర్ ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. మన దగ్గర పేపర్ పొద్దున్నే గుమ్మంలో పడుతూనే ఉంటుంది కాబట్టి, లోపల మన ఏరియా వార్త లేదన్న సంగతి చాలామందికి తట్టనే తట్టదు. మీకు తట్టింది. మీ అమ్మాయికీ తట్టి ఉంటుందనే నా అనుమానం.

నా సంగతి ఒకటి చెబుతాను. చదువులూ ఉద్యోగాల మీద సలహాలు చెప్పే ఈ పనిలోకి రాకముందు ఆరేళ్లు ఒక దినపత్రిక సిటీ డెస్క్‌లో చేశాను. పేరు వద్దులెండి. ఒకరోజు రాత్రి, చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే నిండితే నీళ్లు నిలిచే హద్దులో లేస్తున్న అపార్ట్‌మెంట్ల మీద మా రిపోర్టర్ ఐటమ్ పంపాడు. సర్వే నంబర్లు, ఫొటోలు, అధికారి వివరణ, అన్నీ ఉన్నాయి. పేజీ పెట్టేశాను. పదకొండున్నరకి ఫోన్ వచ్చింది. ఐటమ్ తీసేసి ఆ జాగాలో ఒక గుడిలో అన్నదానం ఫొటో పెట్టాను. పొద్దున చూస్తే మొదటి పేజీ నిండా ఆ బిల్డర్ యాడే. ఫోన్‌లో ఎవరూ అరవలేదు, బెదిరించలేదు, రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ రిపోర్టర్ మర్నాడు నాతో కలిసి టీ తాగాడు గానీ దాని గురించి ఒక్క మాట అడగలేదు. అతను అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంత చెప్పి కూడా, అమ్మాయిని చదివించమనే అంటున్నాను. ఎంబీఏ బలవంతం చేయకండి. మార్కెటింగ్ ఎంబీఏ చేసిన పిల్లలు క్రెడిట్ కార్డులు అమ్ముతూ నా దగ్గరికే మళ్లీ వస్తున్నారు. (అది ఇంకోసారి మాట్లాడుకుందాం.) జర్నలిజం పీజీలో చేరే పిల్లల్లో చాలామందికి లేనిది మీ అమ్మాయికి ఉంది. బీకాం. బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చిన విలేకరి తెలుగులో అరుదు. ఛానల్ ఎవరిదో పైకి కనిపించే పేరును బట్టి తెలియదు. వాటాలు ఏ కంపెనీ పేరున ఉన్నాయి, దానికి అప్పు ఎవరిచ్చారు, డైరెక్టర్లు ఇంకా ఏయే కంపెనీల్లో ఉన్నారు అన్నది కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆ కాగితాలు చూడగానే చాలామంది విలేకరులకు టెన్షన్. మీ అమ్మాయికి అవి సెకండియర్ సిలబస్. కార్పొరేషన్ బడ్జెట్ అయినా, నాలా పూడికతీత టెండరైనా ఇదే లెక్క.

ఉస్మానియా జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. సీటు కోసం రాష్ట్ర పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ కోర్సుకైతే జాతీయ స్థాయి ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ. రెండూ రాయించండి. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటి చోట్ల శిక్షణలో భృతి ఇస్తారు, దాంతోపాటు ఇన్నేళ్లు పనిచేయాలని అగ్రిమెంట్ కూడా ఉంటుంది. సంతకం పెట్టేముందు దాన్ని మీరూ చదవండి. లక్షల్లో ఫీజు కట్టించుకుని "యాంకర్‌ని చేస్తాం" అనే ఇన్‌స్టిట్యూట్ల గడప మాత్రం తొక్కకండి.

ఇంకోటి. "ముందు లైన్ అకౌంట్ మీద రాస్తూ ఉండమ్మా, తర్వాత చూద్దాం" అని ఎవరన్నా అంటే వద్దనమనండి. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే డబ్బు పెట్రోలుకే చాలదు. ఆ కొరత తీర్చడానికి యాడ్ల టార్గెట్ పెడతారు. పొద్దున కార్పొరేటర్ మీద వార్త రాసి, సాయంత్రం ఆయన పుట్టినరోజు యాడ్ కోసం ఆయన ఇంటికే వెళ్లాలి. జర్నలిస్టుల జీతాల మీద మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది, కానీ ఇలా లైన్ అకౌంట్ మీద రాసే కంట్రిబ్యూటర్ గడప దాకా ఆ తీర్పు వచ్చింది లేదు. ఉద్యోగం ఇస్తామన్న చోట తను మూడు సంగతులు అడగాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఏ కంపెనీ పేరున ఇస్తారు? యాడ్లు తేవడం నా పనిలో ఉందా? నా మీద కేసు పడితే లాయర్ ఖర్చు ఎవరిది? మూడోది అడిగేసరికి ఎదుటివాళ్ల ముఖంలో ఏం కనపడుతుందో గమనించమనండి. అసలు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక తల్లీ, ఈ మాట నీకు. ఎవడి కిందా పనిచేయను, యూట్యూబ్ ఛానల్ పెట్టుకుంటానని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. మైకుకి లోగో తగిలించుకుని తిరిగేవాళ్లు ఈ ఊళ్లో సందుకొకరున్నారు. వాళ్లకీ అద్దె కట్టాల్సిందే, యాడ్ కోసం అదే కార్పొరేటర్ ఇంటికి వెళ్లాల్సిందే. కనీసం మూడేళ్లు ఒక మంచి డెస్క్‌లో కూర్చో. తప్పు రాస్తే ఏమవుతుందో, పక్కవాళ్ల కాపీ దిద్దడం ఎలాగో అక్కడే పట్టుబడుతుంది. ఈలోగా సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు రాయడం నేర్చుకో. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో, ఆపైన 10. మీ డివిజన్‌లో రోడ్ల మరమ్మతుకు నిరుడు ఎంత ఖర్చు రాశారో ఒక్క దరఖాస్తు పెట్టి అడుగు. జవాబు వచ్చాక ఆ కాగితం పట్టుకుని ఆ రోడ్డంతా నడిచి రా.

మళ్లీ మీకు, అన్నగారూ. సీపీగెట్‌కి ఇంకా టైముంది. వచ్చే ఒకటో తారీఖు నుంచి బిల్లుల వసూలుకి ఒక నెల మీ బదులు అమ్మాయిని పంపండి. పేపర్ వేయించుకునే మూడొందల ఇళ్లతో పాటు, మానేసిన నాలుగొందల ఇళ్లకీ వెళ్లమనండి, మీ పాత రిజిస్టర్లో అడ్రసులు ఉండే ఉంటాయి. "ఎందుకు మానేశారు, మన ఏరియాలో ఏం జరుగుతోందో ఇప్పుడు మీకు ఎవరు చెబుతున్నారు?" అని ఈ రెండే అడగాలి. వాట్సాప్ గ్రూప్ అంటారు కొందరు, ఎవరూ చెప్పడం లేదంటారు కొందరు. ఎవరేమన్నదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, నెలాఖరుకి దాన్ని పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.