బాణానికి మొన ఎక్కడిది?

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సముద్రం అడుగున, భూకంప తరంగాలను నమోదు చేసే సీస్మోమీటర్ ఒంటరిగా పడి ఉండే దృశ్యం కళ్ళకు కట్టింది. ఆ తర్వాత మూడో పేజీలో, హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవి గురించిన ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "రియూనియన్ దీవి కింద కరిగిన రాయి తూర్పుకు ప్రవహించడాన్ని భూకంప తరంగాలు చూశాయి." ఇందులో రెండు తప్పులున్నాయి, తీర్చని అప్పు ఒకటుంది. నీ మిగతా ప్రశ్నలు ఇప్పటికి పక్కన పెడుతున్నాను.

మాంటిల్, అంటే భూమి పైపెంకుకూ కేంద్రకానికీ మధ్య ఉన్న మందపాటి పొర, కరిగిన రాయి కాదు, దాదాపు అంతా ఘనపదార్థం. ఎస్ తరంగం, అంటే ప్రయాణ దిశకు అడ్డంగా ఊపే భూకంప తరంగం, ద్రవంలో సాగదు. నువ్వు వర్ణించిన కొలత అంతా ఎస్ తరంగం మాంటిల్ గుండా పైకి రావడం మీదే నిలబడి ఉంది. అంటే నీ వాక్యాన్ని నీ వ్యాసమే కొట్టేస్తోంది. ఆ ఘనమే వేడికీ ఒత్తిడికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. స్ఫటికాల లోపలి లోపాలు జరుగుతూ పోతాయి, ఆ జరుగుబాటులో ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఒక వరసకు వస్తాయి. "రాయి ఎలా ప్రవహిస్తుంది?" అని పాఠకుడు అడుగుతాడని భయపడి కరిగించేశావు. అడగనీ. నీ కథ మొదలయ్యేదే అక్కడ.

రెండో తప్పు "చూశాయి". తరంగానికి తగిలేది ఆ స్ఫటికాల వరస మాత్రమే. వరసలో ఉన్న ఆలివిన్‌లోకి వచ్చిన ఎస్ తరంగం రెండుగా చీలుతుంది, ఒకటి ముందు, ఒకటి వెనక. స్టేషన్‌లో, అంటే సీస్మోమీటర్ ఉన్న చోట, మనకు దక్కేవి రెండే అంకెలు: ముందొచ్చిన తరంగం కంపించిన దిశ, రెండింటి మధ్య ఆలస్యం. ఆ దిశను వేగదిశ అందాం. దాని నుంచి స్ఫటికాల వరసకు ఒక అడుగు, వరస నుంచి ప్రవాహానికి ఇంకో అడుగు. రెండో అడుగు ప్రతిచోటా చెల్లదు. ఆలివిన్‌లో నీటి శాతం పెరిగి, దాని మీద ఒత్తిడీ ఎక్కువైతే వేగదిశ ప్రవాహానికి అడ్డంగా కూడా తిరగొచ్చు.

ఎస్‌కేఎస్ తరంగాన్నే ఎందుకు ఏరుకుంటారో నువ్వు దాటేశావు. అది భూకంపం దగ్గర ఎస్‌గా బయలుదేరి, ద్రవమైన బాహ్య కేంద్రకంలో ముందుకూ వెనక్కీ ఊపే పి తరంగంగా మారి, మళ్ళీ మాంటిల్లోకి రాగానే ఎస్ అవుతుంది. పి తరంగానికి పక్కవాటు కంపనం లేదు. అందుకే కేంద్రకం దాటి వచ్చిన ఎస్ ఒకే తలంలో, భూకంపాన్నీ స్టేషన్‌నీ కలిపే నిలువు తలంలో కంపిస్తుంది. అటువైపు మాంటిల్లో పడిన చీలిక జాడ కేంద్రకంలో చెరిగిపోతుంది. స్టేషన్‌లో ఆ తలానికి అడ్డంగా కదలిక కనబడితే, అది ఇటువైపు దారిలో, ముఖ్యంగా స్టేషన్ కిందున్న మాంటిల్ పైభాగంలో పుట్టిందే. ఈ ఒక్క పేరా రాస్తే నీ వ్యాసం నిలబడుతుంది.

కొలిచే తీరు కూడా చెప్పు. స్టేషన్‌కు 85 నుంచి 130 డిగ్రీల దూరంలో (భూకేంద్రం దగ్గర కోణంగా కొలిచే దూరం) వచ్చిన, తీవ్రత 6 దాటిన భూకంపాలు తీసుకుంటారు. సంకేతాన్ని సుమారు 8 నుంచి 25 సెకన్ల ఆవర్తన కాలాల మధ్య వడగడతారు. వేగదిశను డిగ్రీ డిగ్రీకీ, ఆలస్యాన్ని 0 నుంచి 4 సెకన్ల దాకా మారుస్తూ, ఏ జంట దగ్గర అడ్డ కదలిక అన్నిటికన్నా తగ్గుతుందో వెతుకుతారు. సరైన జంట దొరికితే దీర్ఘవృత్తంలా తిరిగిన చలనం సరళరేఖ అవుతుంది. చాలాచోట్ల ఆలస్యం 1 సెకను అటూ ఇటూ ఉంటుంది. ఎస్ వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లయితే 100 కిలోమీటర్లకు 22 సెకన్లు. అందులో సెకను తేడా రావాలంటే రెండు వేగాల మధ్య సుమారు నాలుగున్నర శాతం తేడా కావాలి. ఈ గుణకారం పాఠకుడి ముందే చెయ్యి.

"చీలిక లేదు కాబట్టి ప్రవాహం నిలువుగా ఉంది" అని కూడా రాశావు. తొందరపడ్డావు. తరంగం కంపించే దిశ వేగదిశతో గానీ, దానికి లంబంగా గానీ కలిసినా చీలిక కనబడదు. దీన్ని నల్ అంటారు. భిన్న దిక్కుల నుంచి వచ్చిన భూకంపాలన్నీ నల్ చూపిస్తేనే నిలువు ప్రవాహం మాట ఎత్తాలి. అప్పుడు కూడా, కింద వరసే లేకపోవడం, రెండు పొరలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం అనే అవకాశాలు మిగులుతాయి. ఆలస్యం 4 సెకన్ల అంచుకు పోయి కూర్చుంటే అది గొప్ప ఆవిష్కరణ కాదు, చాలాసార్లు మారువేషంలో వచ్చిన నల్. వేరే లెక్క పద్ధతితో సరిచూస్తే వేగదిశ 45 డిగ్రీలు పక్కకు తొలగి కనిపిస్తుంది, గుట్టు బయటపడుతుంది.

సముద్రపు అడుగున ఇంకో చిక్కుంది. పరికరం నీళ్ళలో మునిగి ఎటు తిరిగి కూర్చుందో ఎవరికీ తెలియదు. తెలిసిన భూకంపాల పి తరంగాలతో, భూమి ఉపరితలం వెంట సాగే రేలీ తరంగాలతో దానికి ఉత్తర దిక్కు ఎటో తేల్చాలి. అందులో 20 డిగ్రీలు తప్పితే వేగదిశా 20 డిగ్రీలు తప్పుతుంది. జీపీఎస్ అందదు గనక గడియారం జారుడునూ సరిదిద్దాలి.

ఇక అప్పు సంగతి. వేగదిశ ఒక గీత. తూర్పు పడమరల గీత తూర్పుకు పారినా, పడమరకు పారినా అదే గీత. నీ వాక్యం దానికి మొన అతికించింది. పత్రికల్లో కొందరు సంపాదకులు "బహుశా"లను కలుపు మొక్కల్లా పీకేస్తారు, శీర్షికలో బాణం ఉంటేనే వ్యాసం కదులుతుందంటారు. వాళ్ళ కోసం ముందుగానే నువ్వే పీకేసుకోకు. ఆ ఒక్క మాటకే పట్టుబట్టు.

మొనకు ఆధారం వేరే చోట్ల నుంచి రావాలి. మాంటిల్ లోతు నుంచి పైకి లేచిన పదార్థం పరుచుకుంటుంటే పైన కదిలే భూఫలకం దాన్ని ఈడ్చుకుపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న స్టేషన్ల వేగదిశలు పరవలయంలా వంగుతాయి, దాని నోరు ఎటు తెరుచుకుందో అటే ప్రవాహం. అది చాలా స్టేషన్లు కలిస్తేనే కనబడే ఆకారం, ఒక్క స్టేషన్ చెప్పలేదు. పైగా ఎస్‌కేఎస్ దాదాపు నిలువుగా వస్తుంది కనుక లోతు చెప్పదు. ఫలకంలో కోట్ల ఏళ్ళ కిందట గడ్డకట్టిన పాత వరస కూడా అందులో కలిసిపోతుంది. లోతు కోసం రేలీ తరంగాలు కావాలి, ఆవర్తన కాలం పెరిగేకొద్దీ అవి లోతుగా చదువుతాయి.

రియూనియన్ దగ్గర జరిగింది ఇదే. 2012లో ఫ్రెంచి, జర్మన్ బృందాలు 57 పరికరాలను సముద్రం అడుగున దింపాయి. వేగదిశలు, రేలీ తరంగాలు చూపిన నెమ్మది పొర, సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న మధ్య హిందూ మహాసముద్ర రిడ్జ్ (సముద్రం అడుగున ఫలకాలు విడిపోయే పర్వతశ్రేణి), వీటన్నిటినీ కలిపాకే దీవి కింద నుంచి రిడ్జ్ వైపు ప్రవాహం ఉందని వాదించారు. నీ "తూర్పు" ఆ వాదన చివరి మాట. నువ్వు దాన్ని మొదటి మాటగా రాసి, మిగతాదంతా వదిలేశావు.

నెమ్మది పొర అనగానే వేడి అని రాసేయకు. కొద్దిపాటి ద్రవం, నీరు, రసాయన కూర్పు కూడా తరంగాన్ని నెమ్మదింపజేస్తాయి.

మూడో పేజీ తిరగరాసి పంపు. ప్రతి స్టేషన్‌కూ ఎన్ని భూకంపాలు, ఏ దిక్కుల నుంచి వచ్చాయో పక్కన రాసి పెట్టు. పటంలో గీతలే గియ్యి, మొనలు చివర చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన