ఎయిర్ ఫిల్టర్‌కి కిలోమీటర్ల లెక్క పనికిరాదు

కొత్తగా 200 సీసీ ఆఫ్‌రోడ్ బండి కొన్నారు, ఎయిర్ ఫిల్టర్ ఎన్ని వేల కిలోమీటర్లకు శుభ్రం చేయాలి, కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. కిలోమీటర్ల లెక్క కూడా వదిలేయండి. సర్వీస్ పుస్తకంలో వేసే అంకెలు తారురోడ్డు మీద ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్ల కోసం. దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే చూడాలి, ఆ ముక్క మాత్రం నాకు బండి అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట జనవరిలో ఆరు బండ్ల మీద బేతంచెర్ల వైపు నుంచి బెలుం గుహలు చూసుకుని గండికోటకు బయల్దేరాం, వీలైనంత వరకు మట్టి దారుల్లోనే. ఆ వైపు తిరిగినవాళ్లకు తెలుసు, నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, బండలు మోసే ట్రాక్టర్లు, కొన్నిచోట్ల దారి మీద బూడిదరంగు పొడి అంగుళం మందాన పేరుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా ఉంటుంది. నాది చివరి బండి. ఎవరైనా పడితే లేపడానికి వెనక ఒకరు ఉండాలి కదా. ముందున్న ఐదు బండ్లు లేపిన దుమ్మంతా నా బండే మింగింది. సాయంత్రానికి మూడో గేరులో ఎక్కాల్సిన ఎత్తు రెండో గేరులో కూడా లాగనంది. అక్కడే ఆపి ఫిల్టర్లు తీసి చూశాం. అందరికంటే ముందు వెళ్లినతని ఫిల్టర్ కాస్త రంగు మారింది, అంతే. నాదానికి సిమెంటు పూసినట్టుంది. అదే దారి, అదే రోజు, అవే కిలోమీటర్లు. ఇంక కిలోమీటర్లతో ఏం లెక్కేస్తాం చెప్పండి?

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. దారిలో ఒక షాపు దగ్గర ఆపితే, అక్కడి కుర్రాడు ఫిల్టర్‌కి గట్టిగా గాలి కొట్టి రెండు నిమిషాల్లో బిగించేశాడు. పికప్ వచ్చేసింది, నేనూ సంతోషంగా ఇంటికొచ్చాను. ఇంకో వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు తిరిగేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ, మాటిమాటికీ ఆయిల్ తగ్గిపోవడం. మా మెకానిక్ బోరు, అంటే ఇంజిన్లో పిస్టన్ ఆడే సిలిండర్, విప్పి వాకిట్లో వెలుతురుకు పెట్టి చూపించాడు. లోపల గోడ మీద పైనుంచి కిందికి సన్నటి గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. "అన్నా, ఇది ఆయిల్ లేక అరిగింది కాదు, దుమ్ము తినేసింది" అన్నాడు. ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తిప్పి తీశాను, వేలి నిండా అదే నాపరాయి పొడి. ఫిల్టర్ అంచు ఒకచోట మడతపడి కూర్చుంది, బియ్యపు గింజ పట్టేంత సందు. దానికి బోరు, పిస్టన్, రింగులు, లేబరు అన్నీ కలిపి 9,000 దాటింది.

ఒక లీటరు పెట్రోలు కాలాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. అంత గాలి లాగే ఇంజిన్‌కి చిన్న సందు దొరికినా దుమ్ము అక్కడి నుంచే లోపలికి పోతుంది. అందుకే ఫిల్టర్ ఎంత తెల్లగా ఉతికామన్నది తర్వాత, అంచు చుట్టూ సరిగ్గా కూర్చుందా లేదా అన్నదే ముందు. ఇంకొంతమంది సౌండ్ కోసం ఫిల్టర్ కూర్చునే డబ్బా, అదే ఎయిర్ బాక్స్, కోయించేస్తున్నారు, ఫిల్టర్ తీసేసి తిరిగేవాళ్లనూ చూశాను. చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఆ సౌండ్ పిచ్చి గురించి ఎంత చెప్పినా తక్కువే.

మీ బండిలో ఉన్న ఫిల్టర్ పేపరుదా, స్పాంజిలా ఉండే ఫోముదా ముందు చూడండి. పేపర్ అయితే ఉతకొద్దు. ఎక్కువ ప్రెషర్‌తో గాలి కొడితే కంటికి కనపడని చిరుగులు పడతాయి. ముట్టుకుంటే జిడ్డుగా తగిలే పేపర్ ఫిల్టర్ అయితే గాలి కూడా కొట్టొద్దు, మురికిపడితే మార్చేయడమే. కొనేటప్పుడు సగం ధరకు ఇస్తామంటే ఆశపడకండి, అంచు రబ్బరు గట్టిగా ఉండి సరిగ్గా కూర్చోనివి నేనే రెండు పారేశాను.

నేనిప్పుడు ఫోమ్‌కి మారాను. తీసేముందు చుట్టూ తడిగుడ్డతో తుడిచి, ఫిల్టర్ బయటికి రాగానే గొట్టం మూతికి శుభ్రమైన గుడ్డ కుక్కుతాను. ఉతకడానికి కిరోసిన్ గానీ ఫిల్టర్ క్లీనర్ గానీ వాడండి. పెట్రోలు వద్దు, ప్రమాదం, పైగా పొరలు అతికించిన జిగురు ఊడిపోతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్లు. అరచేతుల మధ్య ఒత్తి పిండాలి, బట్టల్లా మెలిపెడితే చిరుగుతుంది. నీడలో రాత్రంతా ఆరనివ్వండి. అసలు పని ఆయిల్ పట్టించడం, చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఫోమ్ ఫిల్టర్ కోసమే అమ్మే ఆయిల్ బెల్లం పాకంలా జిగటగా ఉంటుంది, దుమ్మును పట్టేది ఆ జిగటే. ఇంజిన్ ఆయిల్ రాస్తే మెల్లగా కిందికి జారి పై సగం ఎండిపోతుంది. ఫిల్టర్‌ని పాలిథిన్ కవర్లో వేసి, ఆయిల్ పోసి, మూతి పట్టుకుని పిసకండి, చేతులకు అంటదు. రంగు అంతటా ఒకేలా కనపడాలి, ఎక్కడైనా పాలిపోయి ఉంటే అక్కడ ఆయిల్ అందలేదని. మిగిలింది పిండేసి, కాసేపు వదిలి, అంచుకు సన్నగా గ్రీజు రాసి కూర్చోబెట్టి, చుట్టూ వేలితో తడిమి చూడండి.

ఆయిల్ పట్టించిన ఫోమ్ ఒకటి జిప్ కవర్లో ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. దుమ్ము దారిలో తిరిగిన రోజు సాయంత్రం, భోజనానికి ముందే మార్చేస్తాను, పది నిమిషాలు కూడా పట్టదు. ఫిల్టర్ తీయగానే మొదట ఆ రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తిప్పుతాను. మీరూ ఈ వారమే ఒకసారి అలా చూడండి. వేలికి పొడి తగిలితే మాత్రం బండి స్టార్ట్ చేయకుండా, గొట్టం విప్పి కడిగాకే బయటికి తీయండి.