ఇంట్లోనే ఆఫీసు పెట్టుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక ఇంటి నుంచే పని చేయాలని, రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో టేబుల్ ఎక్కడ వేసుకోవాలో తోచడం లేదని ఫోన్‌లో అన్నావు కదా. టేబుల్ సంగతి తర్వాత. ముందు మీ అత్తగారిని, మావయ్యగారిని కూర్చోబెట్టుకుని నీ వేళలు చెప్పు. ఎదురుగా కనబడుతున్న మనిషిని ఎవరైనా పిలుస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎప్పుడు పిలిస్తే పలుకుతావో తెలిస్తే వాళ్లే సర్దుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో ఉంటూనే ఏళ్ల తరబడి అనువాదాల పని చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మీ టీమ్ న్యూయార్క్‌లో ఉందన్నావు. అక్కడ పొద్దున 9 గంటల మీటింగ్ చలికాలంలో మనకి రాత్రి 7.30కి వస్తుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరపగానే అదే మీటింగ్ 6.30కి వచ్చి పడుతుంది. మళ్లీ నవంబరు మొదటి ఆదివారం దాకా అంతే. దీపం పెట్టడం, బాబు హోంవర్కు, అత్తగారి సీరియల్, అన్నీ ఆ వేళకే. మారిన టైము నీ ఫోన్ నీకు చూపిస్తుంది, ఇంట్లోవాళ్లకి మాత్రం నువ్వే చెప్పాలి. వారం ముందే చెప్పి, వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ మీద కూడా రాసిపెట్టు.

ఇక చోటు. హాల్లో వద్దు, వచ్చేపోయేవాళ్ల దారి అది. వంటింటి గోడను ఆనుకునీ వద్దు, కుక్కర్ విజిల్, మిక్సీ మోత నీ కాల్‌లోకి వచ్చేస్తాయి. మీ బెడ్‌రూమ్‌లో కిటికీ నీకు పక్కగా వచ్చేలా టేబుల్ వేసుకో. వెనకుంటే కాల్‌లో నీ ముఖం నల్లగా కనిపిస్తుంది, ఎదురుగా ఉంటే వెలుతురుకి కళ్లు లాగుతాయి. మంచం మీద కూర్చుని పని చేస్తానంటే మాత్రం నేనొప్పుకోను. నడుము పట్టేశాక ఎన్ని తైలాలు రాసినా అంత తొందరగా వదలదు.

టేబుల్ మామూలుదే చాలు, 28 నుంచి 30 అంగుళాల ఎత్తుంటే సరిపోతుంది. డబ్బు పెట్టాల్సింది కుర్చీకి. పాదాలు నేలకి ఆనకపోతే కింద పీట వేసుకో. ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టి స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తుకి తెచ్చుకో, కీబోర్డూ మౌసూ విడిగా కొనుక్కో.

కరెంటు పోతే రూటర్ ఆగిపోతుందేమో చూసుకో. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకే ఇస్తారు. రూటర్ ప్లగ్గు అందులో లేకపోతే దానికోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, ఒకటి తెచ్చి పెట్టు.

బాబు సంగతి. వాడికింకా చదవడం రాదు కాబట్టి తలుపు గడియకి ఎర్ర గుడ్డ కట్టు. అది ఉంటే అమ్మని పిలవకూడదు, నాన్నమ్మ దగ్గరికి వెళ్లాలి. కాల్ అయిన వెంటనే నువ్వే వచ్చి తీసెయ్యి. రోజంతా వేలాడితే వాడు దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. తీశాక ఓ పది నిమిషాలు వాడితోనే ఉండు, ఫోన్ పట్టుకోకుండా.

మధ్యాహ్నం కాఫీ మాత్రం అత్తగారితోనే తాగు, టేబుల్ దగ్గరికి తెప్పించుకోకు. టేబుల్ కొనేముందు బీరువా తలుపు పూర్తిగా తెరుచుకునేంత జాగా మిగులుతుందో లేదో టేపు పెట్టి కొలుచుకో. కొలతలు నాకూ పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ