బొమ్మ వేసిన చేతి గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

పత్రికల్లో బొమ్మలు వేసి బతికినవారి జీవితాల మీద నువ్వు రాసి పంపిన మూడు వ్యాసాలూ చేరాయి. ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. పుట్టిన ఊళ్లు, తేదీలు, సన్మానాలు అన్నీ శ్రద్ధగా సేకరించావు. లేనిదల్లా వాళ్లు చేసిన పని. బాపు గారి మీద రాసిన వ్యాసంలో 1933లో నరసాపురంలో పుట్టడం, న్యాయశాస్త్రం చదవడం, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేయడం, సినిమాలు తీయడం, 2013లో పద్మశ్రీ, మరుసటి ఏడాది మరణం వరసగా వచ్చి వెళ్లిపోయాయి గానీ, ఆయన కుంచె ఒక్క వాక్యంలోనైనా సిరాలో మునగలేదు.

వారపత్రికల రోజుల్లో కథకు వేసిన బొమ్మ అచ్చులోకి ఎలా వచ్చేదో ముందుగా తెలుసుకో. చిత్రకారుడు అచ్చయ్యే కొలత కంటే పెద్దదిగా ఇండియన్ ఇంకుతో బొమ్మ వేసి ఇస్తే, దాన్ని ఫోటో తీసి, చిన్నది చేసి, జింకు రేకు మీద బ్లాకు, అంటే అచ్చుకు వాడే దిమ్మ, చేయించేవారు. లైను బ్లాకులో నలుపూ తెలుపూ తప్ప మధ్య రంగుకు చోటు లేదు కాబట్టి, నీడ కావాలంటే గీతలు పక్కపక్కన గీయాలి, లేదా చుక్కలు పెట్టాలి. గీతలు మరీ దగ్గరైతే నాసిరకం కాగితం మీద సిరా పరుచుకుని ముద్దయిపోతుంది. మరీ సన్ననైతే బొమ్మ చిన్నదయ్యేసరికి గీత కనిపించకుండా పోతుంది. బాపు గారి గీతలోని పొదుపు గురించి అందరూ మాట్లాడతారు. ఆ పొదుపులో ఆయన స్వభావం ఎంత ఉందో, అచ్చుయంత్రం నేర్పిన క్రమశిక్షణా అంతే ఉందని నా నమ్మకం. ఆయన వేసిన ఆడమనిషి చేతిని ఒక్కసారి దగ్గరగా చూడు. భుజం దగ్గర సన్నగా మొదలైన గీత మోచేతి దగ్గర లావై, మణికట్టు చేరేసరికి మళ్లీ సన్నబడుతుంది. వేరే నీడ అక్కర్లేకుండా ఆ లావు సన్నాలే చేతికి బరువునిస్తాయి. ఆయన చేతిరాత కూడా తరువాత కంప్యూటర్ ఫాంటుగా మారి, ఈనాటికీ శుభలేఖల మీద కనిపిస్తోంది. ఇదంతా నీ వ్యాసంలో రెండు పేజీలు ఆక్రమించినా నాకు అభ్యంతరం లేదు.

చందమామ చిత్రకారుల మీద రాసిన వ్యాసం తక్కిన రెండింటి కంటే మెరుగ్గా ఉంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో ఒకే బొమ్మ అనేక భాషల సంచికల్లో అచ్చయ్యేది. భుజాన శవాన్ని వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుణ్ణి వేసిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, తమిళుడు, అయినా తెలుగు పిల్లలెవరికీ ఆయన పరాయివాడని తోచలేదు. ఆయన 2020లో పోయారు, మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. ఆ ఆలస్యం గురించి నువ్వు ఒక పేరా ఖర్చు పెట్టావు. దాని బదులు నెల నెలా ఆ రాజునూ ఆ శవాన్నీ వేయవలసి వచ్చిన మనిషికి విసుగు ఎలా రాలేదో ఆలోచించి ఉంటే బాగుండేది. శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడిన వడ్డాది పాపయ్య గారి గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టడం కూడా అన్యాయమే. ‘వపా’ అన్న ఆ రెండక్షరాల సంతకం కోసం ముఖచిత్రాలు కత్తిరించి దాచుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

రాగతి పండరి గారి విషయంలో నీమీద కొంచెం కోపం వచ్చిందమ్మా. ఆవిడ విశాఖపట్నంలో ఉంటూ వేలకొద్దీ కార్టూన్లు వేశారు, తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరు పొందారు, 2015లో పోయారు. నువ్వు ఆవిడకు వచ్చిన పోలియోతో మొదలుపెట్టి పోలియోతోనే ముగించావు. అందరినీ నవ్వించిన మనిషి మీద రాసిన వ్యాసంలో ఒక్క కార్టూనైనా వర్ణించకపోతే ఎలా?

ఇంత నిష్ఠురంగా చెప్పడానికి కారణం ఉంది. పాతికేళ్ల కిందట, నా కథలకు ఎన్నో ఏళ్లు బొమ్మలు వేసిన ఒక పెద్దాయన పోతే, ఒక పత్రికకు నివాళి రాశాను. బిరుదులు, పురస్కారాలు ఒక్కటీ వదలలేదు. నెల మాసికానికి వెళ్లినప్పుడు ఆయన భార్య ఆ కాగితం మడత విప్పి, “అన్నయ్య గారూ, ఆయన కుడిచేతి చూపుడు వేలు చివరి పదేళ్లూ వంగేది కాదు, కలాన్ని మధ్యవేలికీ ఉంగరపువేలికీ మధ్య ఇరికించుకుని వేసేవారు, మీరు చూడలేదా?” అని అడిగింది. వారం వారం నా కథకు బొమ్మ తెచ్చిచ్చిన చేతిని నేను ఎన్నడూ చూడలేదు. ఆమెకు జవాబు చెప్పలేక తలదించుకున్నాను.

అసలు బొమ్మలు ఏమయ్యాయని ప్రతి ఇంట్లోనూ అడుగు. ఆ పెద్దాయన బొమ్మలు ఒక పత్రిక గోదాములో తడిసి, పాత కాగితాల వాడి తూకానికి వెళ్లిపోయాయి. చట్టమూ కొంచెం చదువుకో. పత్రికలో ఉద్యోగిగా వేసిన బొమ్మ విషయంలో, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించుకునే హక్కు మాత్రమే యజమానిదనీ, మిగతా హక్కు వేసినవారిదేననీ 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. బొమ్మకు ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్న ప్రశ్నకు మొహమాటపడకు; వాళ్ల ఇల్లు గడిచింది ఆ డబ్బుతోనే.

రాజకీయ కార్టూనిస్టుల జోలికి ఇప్పుడే వెళ్లకు. 2017లో పోయిన మోహన్ గారి వంటివారి మీద రాయాలంటే ఆనాటి వార్తలన్నీ తెలిసి ఉండాలి. పేరు చెప్పకుండానే నవ్వు తెప్పించిన ముక్కు ఎవరిదో ఇప్పటి పాఠకుడికి నువ్వే చెప్పవలసి వస్తుంది. దానికి ఇంకో ఏడాది లైబ్రరీలో పాత దినపత్రికలు తిరగెయ్యాలి.

బాపు గారి వ్యాసం ముందుగా తిరిగి రాయి. ఆయన బొమ్మలున్న పాత వారపత్రికలు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. అంచులు పెళుసెక్కాయి గనుక పోస్టులో పంపలేను. వచ్చే ఆదివారం పొద్దున్నే రా, వెలుగు బాగుంటుంది. భూతద్దం తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు