కొత్తల్లుడి మొదటి సంక్రాంతి, చేతిలో 3.80 లక్షలు

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నాకు 49 ఏళ్లు. ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లుగా టీచర్‌ని. మే నెలలో మా అమ్మాయి పెళ్లి చేశాం. జూన్‌లో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమోలు, రేడియేషన్ అన్నీ డిసెంబరు మొదటి వారానికి అయిపోయాయి. ఇక ఐదేళ్లపాటు రోజూ ఓ మాత్ర, మూడు నెలలకోసారి చెకప్ అన్నారు. ఏటా సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం. ఈసారి ప్రయాణం, జనం, భోగి మంటల పొగ ఏవీ వద్దన్నారు డాక్టరుగారు. అందుకని అమ్మాయి, అల్లుడే ఇక్కడికి వస్తున్నారు. అల్లుడికి మొదటి పండగ కాబట్టి ఉంగరం, బట్టలు, వియ్యాలవారికి సారె కలిపి లక్షన్నర అవుతుందని మావారి లెక్క. దానికోసం పీఎఫ్ తీస్తానంటున్నారు.

మావారికి 52 ఏళ్లు. జీతం చేతికి 58,000 వస్తుంది. ఫ్లాట్ ఈఎంఐ 19,000, ఇంటి ఖర్చు 26,000, నా మందులకూ పరీక్షలకూ సగటున 5,000. గాజులు బ్యాంకులో పెట్టి 2 లక్షలు తెచ్చాం, వడ్డీ నెలకు 1,500 దాకా పడుతోంది, జూన్‌లో గడువు. మా ఆడపడుచు లక్ష సర్దింది. ఇప్పుడు ఎఫ్‌డీ 3.20 లక్షలు, ఖాతాలో 60,000 ఉన్నాయి. ఫిబ్రవరిలో బాబు ఇంజినీరింగ్ ఫీజు 45,000 కట్టాలి. మా సొంత హెల్త్ పాలసీ 5 లక్షలూ వాడేశాం. కంపెనీ పాలసీలో 80,000 మిగిలాయి, రేడియేషన్ అందులోనే చేయించాం. సొంత పాలసీ రెన్యువల్ ఫిబ్రవరి 6న, 27,400. 'అయిపోయిన పాలసీకి మళ్లీ కట్టడమెందుకు, కంపెనీది ఉందిగా' అంటున్నారు మావారు. నా జీతం 18,500. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 139, వృత్తి పన్ను 150 పోను 16,411 చేతికి వచ్చేది. జూన్ నుంచి జీతం లేదు. పండగ సెలవులు అవగానే స్కూలుకి వెళ్లిపోదామనుకుంటున్నా. ఆడపడుచు డబ్బు పండక్కే ఇచ్చేయాలనీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది లక్షన్నర పండగ ఖర్చు కాదు. 'అయిపోయిన పాలసీకి మళ్లీ కట్టడమెందుకు' అన్న మీవారి మాట. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ పాలసీలో అయిపోయింది ఈ ఏడాది 5 లక్షలు మాత్రమే. ఫిబ్రవరి 6న రెన్యువల్ చేస్తే మళ్లీ 5 లక్షలు మొదట్నుంచీ వస్తాయి. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ చెయ్యం అనే హక్కు బీమా కంపెనీకి లేదు. అదే పాలసీని వదిలేసి రేపు కొత్తది అడగండి: క్యాన్సర్ వచ్చి ఏడాది కూడా కాని మనిషికి చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు. ఇచ్చినా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా క్లెయిమ్ లేదని షరతు పెట్టవచ్చు. అంటే ఇవాళ బజార్లో మీకు దొరకని వస్తువు మీ బీరువాలో ఉంది. మరి కంపెనీ పాలసీ? అది మీవారి ఉద్యోగం ఉన్నంతవరకే. ఆయన ఆ ఉద్యోగం మానిన రోజున అది ఆగిపోతుంది.

గడువు దాటితే ముప్పై రోజుల గ్రేస్ ఉంటుంది కదా అని నిదానించకండి. ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి గ్రేస్‌లో కడితే పాత లాభాలు పోవు, నిజమే. కానీ మధ్యలో కట్టని ఆ రోజుల్లో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే క్లెయిమ్ రాదు. ఇంకో చిన్న మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. నిరుడు మీరు 18 శాతం కట్టారు. ఈసారి రెన్యువల్ నోటీసులో ఆ గడిలో సున్నా ఉందో లేదో చూసి కట్టండి.

ఇక మీరు ఏదో మాటవరసకు రాసేసిన 139 రూపాయల దగ్గరకు వస్తాను. ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన అంకె అదే. నెలనెలా ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే బీమాకి, మీ జీతంలోంచి 0.75 శాతం, స్కూలు వైపు నుంచి 3.25 శాతం వెళ్తోంది. ఈఎస్ఐ అంటే డిస్పెన్సరీలో జ్వరం బిళ్లలు ఇచ్చే చోటు అనుకుంటాం. చదువుకున్న టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు అటువైపు తొంగి కూడా చూడరు. మీరూ ఆస్పత్రి ఖర్చు కోసం బయటే చూసుకున్నారు. కానీ ఈఎస్ఐలో వైద్యమే కాదు, జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు జీతంలో కొంత నగదుగా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మామూలు జబ్బులకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల జాబితా విడిగా ఉంది. వాటికి 91 రోజుల తర్వాత కూడా పొడిగింపు ఇచ్చి 80 శాతం చెల్లిస్తారు. అది రెండేళ్ల దాకా వెళ్లొచ్చు. కనీసం రెండేళ్లుగా ఈఎస్ఐ పరిధిలో ఉద్యోగం చేస్తూ, దానికి తగ్గ రోజుల చందా కట్టి ఉండాలన్నది షరతు. మీరు తొమ్మిదేళ్ల నుంచీ ఉన్నారు. మీ జీతం మీద 70 శాతమంటే నెలకు సుమారు 12,950, 80 శాతమంటే 14,800. జూన్ నుంచి లెక్క వేసుకోండి, ఎంతవుతుందో.

అయితే ఇది అడగ్గానే చేతిలో పెట్టే డబ్బు కాదు. దీనికి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి, మీరేమో బయట వైద్యం చేయించుకున్నారు. బయటి ఆస్పత్రి కాగితాలను ఆధారంగా తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది గానీ, పాత నెలలకు ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. పాత నెలలకు రాకపోయినా, డాక్టరు ఇంకా విశ్రాంతి అవసరమని రాస్తే ఇకముందు నెలలకు అడగొచ్చు. కాబట్టి పండగ సెలవులు అయిన వెంటనే మీవారు ఒక ఫైలు పట్టుకుని మీ డిస్పెన్సరీకి, అక్కణ్నుంచి బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. అందులో ఉండాల్సినవి: ఈఎస్ఐ నంబరు, గత రెండేళ్ల పేస్లిప్పులు, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీలు, కీమో, రేడియేషన్ తేదీల కాగితం, జూన్ నుంచి జీతం ఇవ్వలేదని స్కూలు రాసిచ్చే లేఖ. ఈ ఆఖరిది ముఖ్యం, ప్రిన్సిపాల్‌గారిని సెలవుల్లోపే అడగండి. పైగా రోజూ వేసుకోవాల్సిన మాత్ర, చెకప్ పరీక్షలు ఈఎస్ఐ ద్వారా ఎంతవరకు దొరుకుతాయో కూడా అప్పుడే కనుక్కోవచ్చు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి మీకు దగ్గరే.

రేడియేషన్ కంపెనీ పాలసీలో జరిగిందన్నారు కాబట్టి, ఆ తర్వాత నిర్ణీత రోజుల వరకు కొన్న మందులు, చేయించిన పరీక్షల బిల్లులను కూడా అందులో మిగిలిన 80,000 నుంచి అడగొచ్చు. 60 రోజులా, 90 రోజులా అన్నది పాలసీ కాగితంలో ఉంటుంది. మెడికల్ షాపు బిల్లులు చాలావరకు థర్మల్ పేపరు మీద వస్తాయి. పర్సులో రెండు నెలలు ఉంటే అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. వచ్చిన రోజే జిరాక్స్ తీయించి, ఒరిజినల్‌తో కలిపి పిన్ను కొట్టండి.

ఇప్పుడు పండగ. మీ దగ్గర ఉన్నది 3,80,000. అందులోంచి ప్రీమియం 27,400, బాబు ఫీజు 45,000 తీసి పక్కన పెట్టండి. మీ ఇంటికి నెలకు 51,500 కావాలి, ఈఎంఐ, వడ్డీ అన్నీ కలిపి. దాదాపు ఐదు నెలలకు సరిపడా 2,50,000 ముట్టుకోకూడని డబ్బు. జబ్బు నుంచి కోలుకుంటున్న ఇంట్లో ఇది తగ్గితే నేను ఒప్పుకోను. మిగిలింది 57,600. అందులో 35,000 పండక్కి, 22,600 అనుకోని ఖర్చుకు. లక్షన్నర అన్న అంకె ఈ లెక్కలో ఎక్కడా పట్టదు.

ఆ 35,000లో మొదటి పద్దు వంటకూ ఇంటిపనికీ వారం రోజులకు ఒక మనిషి, 6,000. నవ్వకండి. ఊరు వెళ్లడం లేదు కాబట్టి ఖర్చు తగ్గుతుందని మగవాళ్లు అనుకుంటారు. వచ్చేపోయే పరామర్శల వాళ్లందరికీ కాఫీలు, భోజనాలు ఎవరు చూస్తారన్నది లెక్కలో రాయరు. పాకం సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికంటూ మీరే పొయ్యి దగ్గర నిలబడతారు, నాకు తెలుసు. అరిసెలు, జంతికలు బయట చెప్పేయండి, పూతరేకులు ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోండి. బయటివి మీరు తినొచ్చా లేదా అన్నది మాత్రం డాక్టరుగారిని అడగండి. వీటికీ కనుమ నాటి వంటకూ 8,000. అమ్మాయికీ అల్లుడికీ బట్టలు 12,000, మీ ముగ్గురికీ 5,000. మిగిలిన 4,000 పిల్లల చేతుల్లో పెట్టడానికి, వియ్యాలవారికి పంపే స్వీట్లకు.

ఉంగరం ఈసారి వద్దు. పది గ్రాముల బంగారం లక్ష దాటిపోయిన రోజులివి. అరతులం ఉంగరమంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిసి అరవై వేలకు పైమాటే. మీ గాజులు బ్యాంకు లాకర్లో తాకట్టు మీద ఉండగా ఇంకోవైపు కొత్త బంగారం కొనడం ఏ లెక్కన చూసినా నాకు రుచించదు. వచ్చే సంక్రాంతికి పెట్టొచ్చు. ఈ మాట వియ్యంకుడిగారికి మీవారే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. 'చెల్లెమ్మగారి ఆరోగ్యం చూసుకోండి ముందు' అని వాళ్లే అంటారని నా నమ్మకం. అమ్మాయి చేత మాత్రం చెప్పించకండి. అత్తారింట్లో ఆ మాట మోసే పని పెళ్లై ఏడాది కాని పిల్లకు పెట్టకూడదు.

పీఎఫ్‌లో అనారోగ్యం కారణంగా అడ్వాన్సు తీసుకునే వీలుంది, భార్య వైద్యానికి కూడా ఇస్తారు. ఆ కారణం చూపించి ఉంగరం కొనడం సరైన పని కాదు. 2024-25కి 8.25 శాతం వడ్డీ వచ్చిన డబ్బు అది, 52 ఏళ్ల వయసులో ఒకసారి తీస్తే మళ్లీ నింపడం కష్టం. తీయకండి గానీ, అవసరం పడితే తీసుకునేలా సిద్ధంగా ఉంచండి. ఆధార్, బ్యాంకు ఖాతా, పీఎఫ్ రికార్డు మూడింట్లో మీవారి పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ సెలవుల్లో చూసుకోమనండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అవసరం పడిన రోజు డబ్బు ఆగిపోతుంది.

స్కూలు విషయానికి వస్తే, ఎప్పుడు వెళ్లొచ్చో చెప్పాల్సింది మీ డాక్టరే. నేను చెప్పగలిగింది డబ్బు మాట. మీవారి జీతం 58,000, ఖర్చు 51,500. మీ జీతం లేకుండానే నెలకు 6,500 మిగులుతోంది. కాబట్టి 16,411 కోసం జనవరిలోనే సుద్దముక్క పట్టుకోవాల్సిన అవసరం మీ ఇంటికి లేదు. జూన్‌లో స్కూళ్లు తెరిచేదాకా ఆగే స్తోమత మీకుంది. ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న టెన్షన్‌తో వెళ్లాలనుకుంటే, సెలవు పొడిగింపు కోసం మెడికల్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు ఇవ్వండి. నోటిమాటగా వదిలేయకండి.

ఆడపడుచుగారి లక్ష పండక్కి ఇవ్వొద్దు. ఇచ్చేస్తే మీ మనసు తేలికపడుతుంది, నిజమే. కానీ ఎఫ్‌డీలో ముట్టుకోకూడని డబ్బు లక్షన్నరకు పడిపోతుంది, ఏప్రిల్‌లో ఏ స్కానో రాసిస్తే మళ్లీ ఆమెనే అడగాలి. ఆవిడ అడిగారని మీరు రాయలేదు. మీరే ఫోన్ చేసి 'వదినా, జూలై నుంచి నెలకు ఐదు వేలు వేస్తాను' అని చెప్పి, ఆ తేదీ నుంచి బ్యాంకు ద్వారానే వేయండి. ఈఎస్ఐ డబ్బు వస్తే మాత్రం ముందు గాజుల అప్పు తగ్గించండి. అక్కడ వడ్డీ ఉంది, గడువు ఉంది, దాటితే వేలం నోటీసు ఉంది. జూన్‌కి మొత్తం తీర్చలేకపోతే వడ్డీ పూర్తిగా కట్టి రెన్యువల్ చేసుకోవడానికి ఏం కావాలో మే నెలలోనే బ్యాంకులో అడగండి.

ఆదాయపు పన్ను గురించి ఎవరైనా 80డీడీబీ సెక్షన్ అని చెబితే కంగారు పడొద్దు. క్యాన్సర్ వైద్యానికి 40,000 దాకా మినహాయింపు ఉన్నమాట నిజమే గానీ అది పాత పద్ధతిలో. మీవారిది ఏడాదికి 12.75 లక్షల లోపు జీతమైతే, వేరే ఆదాయం లేకపోతే, కొత్త పద్ధతిలో 2025-26కి పన్నే పడదు.

ఒక్కటి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఇప్పుడు మీ ఇంట్లో సంపాదిస్తున్నది ఒక్కరే, ఆ ఒక్కరి పేరున టర్మ్ పాలసీ (గడువులోపు ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఫ్లాట్ అప్పు తీరేంత మొత్తానికి, ఆయనకు 60 నిండేదాకా ఒకటి తీసుకోమనండి. సిగరెట్, బీపీ, షుగరు ఏవున్నా దాచకుండా రాయమనండి. దాని ప్రీమియం ఆ నెలవారీ 6,500లోంచే కట్టుకోవచ్చు. కొటేషన్లు తెప్పించుకుంటే నాకు పంపండి, చూసి చెబుతాను.