లినక్స్ వేశాక తెర మసకబారితే
ఉబుంటు అనే లినక్స్ రకం వేసిన తరువాత తెర మసకగానే ఉందనీ, మీటలు నొక్కితే వెలుగు సూచించే గీత కదులుతున్నా తెరలో మార్పు రావడం లేదనీ మీరు రాశారు కాబట్టి, కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) తప్పు బ్యాక్‌లైట్ డ్రైవర్‌ను (తెర వెలుగును అదుపు చేసే ప్రోగ్రామ్‌ను) ఎంచుకొని ఉండవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి తెర మార్పించే ముందు ఇది చేసి చూడండి.

1. ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ ఫైలును (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి అమరికలు ఇందులో ఉంటాయి) సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, తెరవండి.

2. 'క్వయట్ స్ప్లాష్' పక్కన, కొటేషన్ గుర్తు లోపలే, ఒక ఖాళీ విడిచి 'ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో చేర్చండి.

3. ఫైలును సేవ్ చేసి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) 'సుడో అప్‌డేట్-గ్రబ్' నడపండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. ఫైలును మార్చినంత మాత్రాన బూట్ మెనూ మారదు కనుక, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పాత అమరికే వస్తుంది.

4. రీస్టార్ట్ చేయండి. ఫలితం లేకపోతే 'నేటివ్' స్థానంలో 'వెండర్' అని రాసి, మూడో మెట్టు మళ్లీ చేయండి.